హైడ్రాంజియా నిండా ఆకులే, పువ్వు లేదా? ముందు కొమ్మ కొస చూడండి

పొద గుబురుగా ఉంటుంది, ఆకులు నిగనిగలాడుతుంటాయి, గుత్తి మాత్రం ఒక్కటీ కనిపించదు. చాలామంది వెంటనే ఎరువు వేస్తారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది మొక్క ఏ రకమో. అది తెలియకుండా కత్తెర పట్టుకోవద్దు.

పెద్ద ఆకుల మాక్రోఫిల్లా, దాని పోలికే ఉండి ఆకు చిన్నదైన సెర్రాటా, ఆకులో లోతైన చీలికలుండే క్వెర్సిఫోలియా, గోడకు పాకే పెటియోలారిస్ పాత కొమ్మ మీద పూస్తాయి. వచ్చే ఏడాది పూత ఈ ఏడాది వేసవి చివరి నుంచే కొమ్మ కొసన మొగ్గ కడుతుంది. శంకువులా సాగిన గుత్తులుండే పానిక్యులాటా, పల్చటి ఆకుల ఆర్బొరెసెన్స్ మాత్రం ఆ ఏడాది వచ్చిన కొత్త చిగురు మీద పూస్తాయి. రకం ఏదో తేలకపోతే ఒక ఏడాది ఏమీ కోయకుండా వదిలేయండి. గుత్తి, ఆకు చూస్తే తెలిసిపోతుంది.

కొమ్మల కొసన కత్తెర గాటు ఉంది, పూత లేదు

పాత కొమ్మ రకాన్ని శరదృతువులోనో చలికాలంలోనో "శుభ్రం" చేశారన్నమాట. మొగ్గలన్నీ ఆ కొమ్మలతోనే పోయాయి. ఈ ఏడాదికి చేయగలిగింది లేదు, పొదను ముట్టుకోకండి. ఇకమీదట, మంచు భయం లేని చోట ఈ రకాలను పూలు వాడిపోవడం మొదలవగానే కత్తిరించాలి. వాడిన గుత్తి కింద కనిపించే మొదటి బలమైన మొగ్గల జతకు అర సెంటీమీటరు పైన కోస్తే చాలు. పొద వయసు మూడేళ్లు దాటాక, ఏటా బాగా ముదిరిన కొమ్మల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు నేలమట్టానికి తీసేయండి. అంతకు మించి వద్దు.

ఎవరూ కోయలేదు, అయినా పూత లేదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చలికాలం చివర వారం పది రోజులు వెచ్చబడితే కొసమొగ్గలు ఉబ్బుతాయి. గట్టిగా మూసుకున్న మొగ్గ ఓర్చుకునే చలిని ఉబ్బిన మొగ్గ ఓర్చుకోలేదు. తర్వాత ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందకు దిగితే లోపలి పూమొగ్గ చనిపోవచ్చు. కింది కణుపుల్లో ఇంకా మూసుకునే ఉన్న మొగ్గలు, నేలలోంచి వచ్చే పిలకలు మాత్రం బతుకుతాయి. నెల తిరిగేసరికి వాటి ఆకులు ఎండిన కొసలను కప్పేస్తాయి. పొద ఆరోగ్యంగానే కనిపిస్తుంది కాబట్టి మంచు దెబ్బ అని ఎవరికీ తట్టదు.

తేల్చుకోవడం సులువే. ఆకులు పక్కకు తప్పించి పాత కొమ్మ కొస చూడండి. గాటు లేకుండా, నల్లబడి ముడుచుకున్న మొగ్గ ఉంటే మంచు పనే. అనుమానముంటే ఒక మొగ్గను నిలువుగా చీల్చండి. లోపల పచ్చగా ఉంటే బతికుంది, గోధుమరంగులో ఉంటే పోయింది.

అసలు నష్టం దీని తర్వాత జరుగుతుంది. కొసలు ఎండాయని మొత్తం కొమ్మను మొదలంటా నరికేస్తారు. మాక్రోఫిల్లాలో కొస పోయినా పైభాగంలోని పక్కమొగ్గల్లో కొన్ని పూస్తాయి. నరికితే అవీ దక్కవు. ఆకులు పూర్తిగా విప్పుకునే దాకా ఆగండి. అప్పుడు ఒక్కో కొమ్మను పైనుంచి కిందకు చూస్తూ, మొదటి బతికున్న మొగ్గల జతకు కాస్త పైన కోయండి. ఎక్కడా చిగురు లేని కొమ్మ బెరడును గోటితో గీకి చూడండి. పచ్చదనం కనిపించకపోతేనే అది మొదలంటా తీసేయాల్సిన కొమ్మ.

మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే, మంచు పడే చోట వాడిన గుత్తులను అప్పుడే కోయకుండా చలికాలమంతా కొమ్మల మీదే ఉంచండి, మంచు భయం పోయాకే కోయండి. కింది మొగ్గలకు అవి కొంత గొడుగు పడతాయి. మొగ్గలు ఉబ్బాక రాత్రి మంచు పడే సూచన ఉంటే, చుట్టూ కర్రలు పాతి, మొగ్గలకు తగలకుండా బట్ట కప్పండి. బట్ట అంచులు నేలకు ఆనాలి, అప్పుడే నేల వెచ్చదనం లోపల నిలుస్తుంది. పొద్దెక్కాక తీసేయండి. మొగ్గలకు ఆనుకున్న ప్లాస్టిక్ పట్టా మేలుకంటే కీడే చేస్తుంది. పొద మొదలు చుట్టూ ఆకులు పోస్తే ఆ మొదలును కాపాడుకోవచ్చు కానీ కొసమొగ్గకు ఆ రక్ష అందదు. కుండీ అయితే గోడవారకు జరిపితే సరిపోతుంది.

గుత్తులు వచ్చాయి, కొమ్మలు నేలకు వాలిపోయాయి

ఆర్బొరెసెన్స్‌లో, ముఖ్యంగా 'అన్నాబెల్'లో, ఏటా నేలమట్టానికి కోయడం వల్ల ఇలా అవుతుంది. సన్నటి కొత్త కొమ్మలు పెద్ద గుత్తులను మోయలేవు. చలికాలం చివర, చిగురు రాకముందు, 30 నుంచి 45 సెంటీమీటర్ల మోడులు ఉంచి కోయండి. పానిక్యులాటాకు కూడా అదే అదను. పోయినేటి కొమ్మను రెండు మూడు జతల మొగ్గలకు కుదిస్తే గుత్తులు తక్కువైనా పెద్దవి వస్తాయి.

ఇక మిగిలినవి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది, ఆ ఎరువు ఆపండి. రోజంతా చిక్కటి నీడలో ఉంటే ఉదయపు ఎండ తగిలే చోటికి మార్చండి. కొసలు కొరికేసినట్టు ఉంటే జంతువుల పని, వల కట్టండి. మాక్రోఫిల్లా పువ్వు నీలం నుంచి గులాబీకి మారితే దానికీ కత్తెరకూ సంబంధం లేదు, మట్టి ఆమ్లగుణం చూసుకోండి.