యాక్సెస్ పాయింట్‌కు రెండు కేబుళ్లు వేసినా ఫలితం లేదా? సమస్య - పరిష్కారం

రెండు కేబుళ్లనూ స్విచ్‌లో ఒకే లింకుగా కలిపిన వెంటనే ఏపీ (యాక్సెస్ పాయింట్) కంట్రోలర్‌లో కనిపించడం మానేసింది

కేబుల్, ఏపీ రెండూ బాగానే ఉండి కూడా గంటలు తినేసే సమస్య ఇది. ఇలాంటి చోట మంచి ఏపీని పాడైందనుకుని పెట్టెలో పెట్టి వెనక్కి పంపడం నేను చూశాను, చాలా బాధేసింది.

సాధారణంగా కొత్త ఏపీ ఎల్‌ఏసీపీ (లింకులను ఒకటిగా కట్టడానికి రెండు వైపులా మాట్లాడుకునే ప్రోటోకాల్) మాట్లాడదు. ఏపీలన్నిటినీ నడిపే కంట్రోలర్ నుంచి సెట్టింగ్ వచ్చాకే మొదలుపెడుతుంది. స్విచ్ మాత్రం ఎల్‌ఏసీపీ ప్యాకెట్ రాలేదని రెండు పోర్టులనూ సస్పెండ్ చేస్తుంది. పోర్టు మూసుకుంటే ఏపీకి ఐపీ అడ్రస్ దొరకదు, ఐపీ లేకపోతే సెట్టింగ్ అందదు.

సిస్కో స్విచ్ అయితే 'షో ఈథర్‌చానల్ సమ్మరీ' కొట్టండి. పోర్టు పక్కన చిన్న 'ఎస్' ఉంటే సస్పెండ్ అయినట్టు, పెద్ద 'పీ' ఉంటే చానల్లో (లింకుల కట్టలో) చేరినట్టు. పోర్ట్ చానల్ కింద 'నో పోర్ట్-చానల్ స్టాండలోన్-డిజేబుల్' పెడితే, ఎల్‌ఏసీపీ కుదిరేదాకా పోర్టు మామూలుగా పనిచేస్తుంది. కొన్ని ఇతర కంపెనీల స్విచ్‌లలో ఇదే పనికి ఎల్‌ఏసీపీ ఫాల్‌బ్యాక్ ఉంటుంది. అలాంటి సదుపాయమే లేకపోతే ముందు ఒక్క కేబుల్‌తో ఏపీని కంట్రోలర్‌లో చేర్చి, అక్కడ లింక్ అగ్రిగేషన్ (లింకులను కలపడం) ఆన్ చేసి, ఆ తర్వాతే స్విచ్‌లో చానల్ కట్టండి. టెన్షన్ పడి మోడ్ 'ఆన్' మాత్రం పెట్టొద్దు. ఎల్‌ఏసీపీ లేకుండా కట్టిన చానల్లో అవతలివైపు సిద్ధంగా లేకపోయినా స్విచ్‌కు తెలియదు, ఏపీకి వెళ్లాల్సిన ప్యాకెట్లు దారి తప్పుతాయి.

రెండూ 'పీ' చూపిస్తున్నా ట్రాఫిక్ అంతా ఒకే కేబుల్ మీద

రెండు లింకులు కలిస్తే ఒక్క డౌన్‌లోడ్ రెండింతలు కాదు. ప్యాకెట్ల వరస చెడకూడదని స్విచ్ ఒక ఫ్లోను (ఇద్దరి మధ్య నడిచే ఒక డేటా ప్రవాహాన్ని) ఒకే లింకు మీద పంపుతుంది. పైగా కాప్‌వాప్ టన్నెల్ (యూజర్ల డేటానంతా మూటకట్టి కంట్రోలర్‌కు పంపే పద్ధతి) వాడితే, వంద మంది యూజర్ల డేటా కూడా ఏపీకీ కంట్రోలర్‌కూ మధ్య యూడీపీ 5247 మీద నడిచే ఒకే ఫ్లోలా కనిపిస్తుంది. ఏ ఫ్లో ఏ లింకు మీద వెళ్లాలో తేల్చే లెక్క అయిన హ్యాష్‌కు తేడా పట్టుకునే ఆధారం ఉండదు.

డేటాను ఏపీ దగ్గరే స్విచ్‌కు వదిలే లోకల్ స్విచింగ్‌కు మారితే, యూజర్ల మ్యాక్, ఐపీ అడ్రసులు స్విచ్‌కు విడివిడిగా కనిపిస్తాయి. స్విచ్ హ్యాష్‌ను ఐపీ అడ్రసులు, టీసీపీ/యూడీపీ పోర్టు నంబర్లు రెండూ చూసేలా మార్చండి. ఏపీ నుంచి బయటికి వచ్చే ట్రాఫిక్‌ను పంచేది మాత్రం ఏపీ సొంత హ్యాషే. టన్నెల్ తప్పనిసరైతే, డేటాను రెండుగా చీల్చే ఏర్పాటు మీ ఏపీ మోడల్లో ఉందేమో చూసి ఆన్ చేయండి.

ఒక పోర్టు చేరనే లేదు

వేగం చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగితే లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు, వేగాలు కలవని పోర్టులు ఒక చానల్లో చేరవు. కేబుల్ చివర మళ్లీ క్రింప్ చేయండి. రెండు కేబుళ్లు వేర్వేరు స్విచ్‌లకు వెళ్తుంటే, ఆ స్విచ్‌లు స్టాక్‌లో గానీ ఎంఎల్‌ఏజీలో గానీ (రెండు స్విచ్‌లు అవతలివైపుకు ఒకటిగా కనిపించే ఏర్పాట్లు) ఉండాలి.

ఒక కేబుల్ పీకితే ఏపీ రీస్టార్ట్ అవుతోంది

కరెంటు ఆ కేబుల్ మీదే వస్తోంది. కొన్ని మోడళ్లలో రెండో పోర్టు పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీద వచ్చే కరెంటు) తీసుకోదు. అలాంటప్పుడు రెండో కేబుల్ వేగానికే తప్ప బ్యాకప్‌కు పనికిరాదు. ఏపీని విడిగా అడాప్టర్‌తో నడిపితేనే ఏ కేబుల్ పోయినా వైఫై నిలుస్తుంది.