కార్డు చదవడం, 5వ పాఠం: నడుస్తున్న నెల, నిండిన నెల

ఈసారి బిడ్డ ఎదుగుదల గీత మొదలుపెడదామని చెప్పాను. మొదలుపెడతాం, కానీ తల్లీబిడ్డల ఆరోగ్య కార్డులో గర్భిణి ఎత్తు, బరువు లెక్కల మీద పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందు వాటి సంగతి తేల్చక తప్పదనిపించింది. గుణకారాలు, భాగహారాలు అందరివీ సరిగ్గానే ఉన్నాయి. ఏ రోజు బరువు తీసుకోవాలి, వయసు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి అన్న దగ్గరే బోల్తా పడ్డారు.

ఎత్తు గురించి ఒక్క ముక్క. 5 అడుగుల 2 అంగుళాలంటే 5.2 అడుగులు కాదు. మొత్తం 62 అంగుళాలు చేసి 2.54తో గుణించండి, 157.5 సెంటీమీటర్లు వస్తుంది. పొట్టివాళ్ల లెక్కలో ఈ తప్పు పెద్దగా కనబడదు కానీ, 5 అడుగుల 10 అంగుళాలామె దాన్ని 5.10 అని రాస్తే ఒక్కసారిగా ఇరవై సెంటీమీటర్లకు పైగా కుదించుకుపోతుంది. ఇక దీని మీద మాట్లాడను.

బరువు సంగతికి వద్దాం. మలక్‌పేట నుంచి ఒకామె పంపిన లెక్క ఇది. ఎత్తు 157.5 సెంటీమీటర్లు, ఇప్పుడు 28వ వారం, బరువు 63 కేజీలు. బీఎంఐ (కేజీల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25.4 అని తేల్చి, గర్భిణి ఎంత బరువు పెరగాలో చెప్పే పట్టికలో 25 నుంచి 30 మధ్య గడి పట్టుకుని, కాన్పు దాకా మొత్తం 7 నుంచి 11.5 కేజీలే పెరగాలని రాసుకుంది. ఇప్పటికే 9 పెరిగానని టెన్షన్ పడి రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటోందట. ఆ పట్టిక అడిగేది గర్భం రాకముందు బరువు. అప్పుడామె 54 కేజీలు, అంటే బీఎంఐ 21.8. ఆమె గడిలో ఉన్నది 11.5 నుంచి 16 కేజీలు. 28వ వారానికి 9 కేజీలు పెరగడం చక్కగా ఉన్నట్టే. అమ్మా, మీరు ఈ పూటే అన్నం వడ్డించుకోండి. పట్టిక తప్పు గడిలో చూస్తే పళ్లెం ఖాళీ అవుతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ ఇంత పొడుగు చేశాను.

గర్భం రాకముందు బరువు గుర్తు లేదంటారా? మొదటి మూడు నెలల్లో మామూలుగా పెరిగేది అర కేజీ నుంచి రెండు కేజీలే. కాబట్టి మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు కార్డులో రాసిన బరువు తీసుకోండి. నేనైతే పెళ్లి ఫొటోలు చూసి ఊహించే బరువు కన్నా ఆ అంకెనే నమ్ముతాను. అయితే వాంతులతో బాగా తగ్గినవాళ్లకు ఇది పనికిరాదు. ఇంకో సంగతి, ఆ పట్టిక గడులు ప్రపంచమంతటికీ వేసినవి. మన డాక్టర్లు చాలామంది 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్కేస్తారు, ఎందుకంటే మనవాళ్లకు షుగరు తక్కువ బీఎంఐకే వస్తుంది. మీరు 23, 25 మధ్య ఉంటే డాక్టరమ్మను అడిగి తేల్చుకోండి.

కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే క్రోమోజోమ్ లోపం) ఉండే అవకాశం అంచనా వేసే డబుల్ మార్కర్ రక్తపరీక్ష ఫారంలోనూ బరువు గడి ఉంటుంది. అక్కడ మాత్రం గర్భం రాకముందు బరువు రాయకూడదు. ఒంటి బరువును బట్టి రక్తంలో ఆ పరీక్ష కొలిచే పదార్థాల మోతాదు మారుతుంది కాబట్టి, రక్తం ఇచ్చిన రోజు బరువే కావాలి. పోయిన పాఠం బాగా ఒంటబట్టినవాళ్లే ఇక్కడ పాత బరువు రాసొచ్చారు! ఒక్కో ఫారానికి ఒక్కో బరువు. రాసే ముందు "ఏనాటిది?" అని అడగండి.

అదే ఫారంలో తల్లి వయసు కూడా అడుగుతారు. ఆధార్‌లో ఉన్నది బడిలో వేయించిన పుట్టినరోజైతే అది రాయకండి. ఊళ్లో చదువుకున్నవాళ్లలో ఈ తేడా ఏడాదీ రెండేళ్లూ ఉండటం మామూలే. డౌన్ సిండ్రోమ్ అవకాశం పాతికేళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటైతే, 35 ఏళ్లకు సుమారు 350లో ఒకటి, 40 ఏళ్లకు సుమారు 100లో ఒకటి. కంప్యూటరు మీ వయసు నుంచే లెక్క మొదలుపెడుతుంది. దానికి ధ్రువపత్రంతో పనిలేదు, మీరు నిజంగా పుట్టిన తేదీ కావాలి. అలాగే 35 దాటిన తల్లి అన్నప్పుడు కాన్పు తేదీ నాటికి నిండే వయసు చూస్తారు. 34 ఏళ్ల 9 నెలలప్పుడు గర్భం వస్తే మీరూ ఆ లెక్కలోకే వస్తారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, 35వ పుట్టినరోజు తెల్లారేసరికి ఏదీ తలకిందులైపోదు. పద్దెనిమిది నిండని అమ్మాయి సంగతి వేరు. అక్కడ బీపీ, రక్తహీనత, తక్కువ బరువు బిడ్డ, అన్నీ భయపెట్టేవే. ఆధార్‌లో వయసు పెంచి రాయించి డాక్టరు దగ్గర కూడా అదే చెప్పే పెద్దవాళ్లంటే నాకు గొప్ప కోపం.

ఇప్పుడు అసలు తగవు. హైదరాబాద్ పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి వరుసలో నిలబడినవాళ్లను ఎన్నో నెలమ్మా అని అడిగితే "ఐదో నెల పడింది" అంటారు. అంటే నిండినవి నాలుగు. మన ఇళ్లలో నెలలు లెక్కపెట్టేది ఇలాగే, నడుస్తున్న నెలతో. ఇందులో తప్పేమీ లేదు, మన అమ్మలూ అమ్మమ్మలూ ఈ లెక్కతోనే సీమంతాలు చేశారు. కానీ కార్డూ స్కానింగ్ సెంటరూ లెక్కపెట్టేది నిండిన వారాలు, నిండిన నెలలు. ఈ రెండు లెక్కల మధ్య ఒక నెల తేడా ఉంటుంది. జవాబులు పంపినవాళ్లలో సగం మంది ఇక్కడే పడ్డారు. పైగా కొందరు ఐదును నాలుగుతో గుణించి "ఇరవయ్యో వారం" అని రాశారు. నెలకు నాలుగు వారాలు కాదు, నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు. ఐదో నెల పడిన రోజున నిండినవి 17 వారాల 3 రోజులు.

దీనివల్ల నష్టమేమిటంటే, బిడ్డ మెడ వెనక నీటి పొర మందం కొలిచే ఎన్‌టీ స్కాన్ 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. జనం దాన్ని "మూడో నెల స్కాన్" అంటారు. మూడో నెల పడగానే వెళితే తొమ్మిదో వారం కూడా నిండి ఉండదు, మళ్లీ రమ్మని పంపేస్తారు. మూడు నెలలు నిండాక తీరుబడిగా వెళదాంలే అనుకుంటే ఆరు రోజుల్లో గడువు దాటిపోతుంది, ఆ తర్వాత అది చేయరు. బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య. ఐదో నెల పడిన రోజునే పరుగెత్తితే అదీ కాస్త ముందే అవుతుంది. నెలసరి వరుసగా రానివాళ్లు ఎల్‌ఎంపీ (చివరి నెలసరి మొదటి రోజు) తేదీ వదిలేసి, మొదటి స్కాన్‌లో బిడ్డ పొడవును బట్టి ఇచ్చిన తేదీనే పట్టుకోవాలి.

నేను వాడే చిట్కా చెబుతాను. ఎల్‌ఎంపీ వారంలో ఏ రోజు వచ్చిందో చూడండి. గురువారమైతే ప్రతి గురువారానికీ ఒక వారం నిండుతుంది. గోడ క్యాలెండర్ మీద ఆ గురువారాల కింద పెన్సిల్‌తో 1, 2, 3 వేసుకుంటూ పోండి. ఫోన్‌లో యాప్‌లున్నాయని నాకూ తెలుసు. అయినా క్యాలెండరైతే ఇంట్లో అత్తగారూ చూస్తారు, ఆయనా చూస్తాడు.

ఇక బిడ్డ దగ్గరికి రండి. జూన్ 12న పుట్టిన ఆడపిల్ల. పుట్టినప్పుడు 2.7 కేజీలు, ఆగస్టు 20న అంగన్‌వాడీలో తూచితే 4.3. ఇంట్లో అందరూ "మూడో నెల" అంటున్నారు కాబట్టి తల్లి కార్డులోని ఎదుగుదల గీతల మీద 3 నెలల అంకె దగ్గర చుక్క పెట్టింది. అది తక్కువ బరువును చూపే పసుపు రంగులో పడింది, ఎందుకంటే మూడు నెలలు నిండిన ఆడపిల్లకు సరైన బరువును చూపే పచ్చ రంగు 4.5 దగ్గర మొదలవుతుంది. అత్తయ్య "నీ పాలు చాలడం లేదే" అంది, సాయంత్రానికి డబ్బా పాలు వచ్చాయి. నిజానికి ఆ పిల్లకు నిండినవి రెండు నెలల ఎనిమిది రోజులు. రెండు నెలలకు పచ్చ రంగు 3.9 దగ్గరే మొదలవుతుంది. చుక్క పెట్టాల్సింది 2 దాటి కాస్త అవతల. అక్కడ పిల్ల పచ్చ రంగులో హాయిగా ఉంది. పైగా 69 రోజుల్లో 1.6 కేజీలు పెరిగింది, రోజుకు 23 గ్రాములు. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992 నుంచి చట్టం ఉంది. తప్పు చోట పెట్టిన చుక్కను ఏ చట్టం ఆపుతుంది?

అన్నప్రాశనలోనూ ఇదే చిక్కు. మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల అంటారు. ఐదో నెలలో ముహూర్తం పెడితే పిల్లకు నిండినవి నాలుగే. తల్లిపాలు ఒక్కటే ఇవ్వాల్సింది ఆరు నెలలు నిండేదాకా, ఆరో నెల పడేదాకా కాదు. ఆడపిల్లకు ఏడో నెల కూడా బేసే కదా, నన్నడిగితే ముహూర్తం అప్పుడే పెట్టించుకోండి. రెండు లెక్కలూ కలిసొస్తాయి. మన నాచారంలో తయారయ్యే పిల్లల పోషకాహార పొడి బాలామృతం కూడా అంగన్‌వాడీలో ఏడో నెల నుంచే ఇస్తారు. మగపిల్లాడికి ఆరో నెలలోనే చేయాలని పెద్దలు పట్టుబడితే పెదవికి పరమాన్నం తాకించి వేడుక కానివ్వండి, రోజువారీ తిండి మాత్రం నెల ఆగి మొదలుపెట్టండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండు వయసులుంటాయి. 34 వారాలకే పుట్టిన బాబు ఆరు వారాలు ముందొచ్చినట్టు. పుట్టి 14 వారాలైతే, చుక్క పెట్టడానికి వయసు 8 వారాలు. 4.6 కేజీలున్న ఆ బాబును మూడు నెలల గీత మీద పెడితే పచ్చ రంగు అంచు 5.0కి దిగువన ఉంటాడు. రెండు నెలల గీత దగ్గర పెడితే అంచు 4.3, బాబు దానికి పైనే. రెండేళ్లు వచ్చేదాకా ఇలా తీసేసే లెక్క కడతాం. కానీ టీకాకు ఈ తీసివేత లేదు. 6, 10, 14 వారాల టీకాలు పుట్టిన తేదీ నుంచే. "ముందు పుట్టాడు కదా, టీకా కూడా ఆరు వారాలు ఆగి వేయిద్దాం" అన్న జవాబులు మూడు నాలుగు వచ్చాయి. ఆగకండి, ముందు పుట్టిన పిల్లలకే టీకా అవసరం ఇంకా ఎక్కువ.

అమెరికా పిల్లల గీతలు మనకెందుకని ఒకరు అడిగారు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఈ గీతలు ఆరు దేశాల పిల్లలను తూచి గీసినవి, అందులో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు.

తూచడం ఎలాగో అందరికీ తెలుసనే అనుకుంటున్నాను. బట్టలు విప్పి, తడి డైపర్ తీసేసి, ప్రతిసారీ అదే తూకం మీద. తల్లి ఎత్తుకుని ఒకసారి, విడిగా ఒకసారి తూగి తీసివేసే పద్ధతి నెలల పిల్లలకు వద్దు, ఆ మిషన్లలో వంద గ్రాములు అటూ ఇటూ ఊగుతాయి. పుట్టిన మొదటి రోజుల్లో పదో వంతు దాకా తగ్గడం ఉంటుంది, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. రాకపోతే డాక్టరు దగ్గరికి. నెలకోసారి తూస్తే చాలు, వారం వారం తూచి బెంగపడకండి.

రంగు ఒక్కటే చూసి ఊరుకునేవాళ్లకు ఒక లెక్క. బాబుకు మూడు నెలలు నిండినప్పుడు 6.4, నాలుగుకు 6.5, ఐదుకు 6.5. మూడు చుక్కలూ పచ్చ రంగులోనే ఉన్నాయి. అయినా ఈ బాబునే నేను ముందు చూపించమంటాను. పై పిల్ల తప్పు చోట పసుపులో పడినా ఆమె గీత పైకి వెళ్తోంది, ఈ బాబు గీత పడుకుంది. ఆరు నెలల లోపు ఒక నెలంతా బరువు పెరగకపోతే రంగుతో పనిలేదు, కార్డు పట్టుకుని బయల్దేరండి.

సాధన. మొదటిది: ఎల్‌ఎంపీ జనవరి 10, ఈ రోజు ఏప్రిల్ 15, ఫిబ్రవరికి 28 రోజులే. ఎన్ని వారాలు నిండాయి, ఇంట్లో ఎన్నో నెల అంటారు, ఎన్‌టీ స్కాన్‌కు ఇంకెన్ని రోజులుంది? రెండోది: 33 వారాలకు పుట్టిన పాపకు పుట్టి 20 వారాలైంది. గీతకు ఏ వయసు, టీకాకు ఏ వయసు? మూడోది కాస్త కష్టం. మీ ఇంట్లోనూ ఇరుగుపొరుగు ఇళ్లలోనూ ఉన్న రెండేళ్ల లోపు పిల్లల కార్డులు అడిగి తెచ్చుకోండి. ఒక్కో బిడ్డకూ పుట్టిన తేదీ, తూచిన తేదీ, నిండిన నెలలు, ఇంట్లో చెప్పే నెల పక్కపక్కన రాసి, కార్డులో ఉన్న ప్రతి చుక్కా సరైన చోటే ఉందో లేదో చూసి పంపండి. వచ్చే పాఠంలో జ్వరం మందు మోతాదు. అది బిడ్డకు ఆనాటి బరువును బట్టి ఉంటుంది కాబట్టి, నాలుగు నెలల కిందటి మందు చీటీ మీ దగ్గరుంటే పారేయకుండా దాచి ఉంచండి, దాని ప్రకారం మందు వేయడానికి కాదు, పాఠంలో పోల్చి చూడటానికి. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం వస్తే మాత్రం నా పాఠం కోసం చూడొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.