నర్సింగ్ విద్యార్థులు క్లినికల్ డ్యూటీకి (ఆసుపత్రి వార్డులో శిక్షణకు) వెళ్లే ముందు జాగ్రత్తలు

- షిఫ్ట్‌కు 15 నిమిషాల ముందే వార్డులో ఉండండి. హ్యాండోవర్ (ముందు షిఫ్ట్ వాళ్లు పేషెంట్ల వివరాలు అప్పజెప్పడం) వినకపోతే ఏ మందు ఆపారో, ఆపరేషన్ కోసం ఎవరిని పరగడుపున ఉంచారో తెలియదు.
- గోళ్లు కత్తిరించుకోండి, ఉంగరాలు తీసేయండి. సెకన్ల ముల్లున్న వాచీ జేబులో ఉండాలి.
- మీ పేషెంట్ మందుల గురించి ముందురోజే చదవండి; అన్నిటికన్నా ముఖ్యం ఇదే. డిగాక్సిన్ (గుండె మందు) ఉందనుకోండి: ఇచ్చే ముందు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి గుండె చప్పుడు పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. లయ తప్పిన గుండెకు 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేస్తే అంకె తప్పుతుంది. పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువుంటే మందు ఇవ్వకుండా స్టాఫ్ నర్సుకు వెంటనే చెప్పండి.
- ఇన్ఫెక్షన్ వల్ల విరేచనాలైతే, తగ్గాక 48 గంటలు ఆగి రండి. సెలవు సంగతి షిఫ్ట్ మొదలయ్యేలోపే ఫోన్‌లో చెప్పాలి.
- ఇంకొకరి హాజరు సంతకం పెట్టొద్దు.