పాత స్టెర్లింగ్ చెంచాలు, ఫోర్కులు: నలుపెక్కితే, నగిషీ చదునైతే, పిడి ఊగితే

చెంచా గోధుమరంగుకు తిరిగి నల్లబడుతోంది.
స్టెర్లింగ్‌లో 92.5 శాతం వెండి, మిగతాది ఎక్కువగా రాగి. గాలిలోని గంధకం తగిలితే పైన నల్లటి సల్ఫైడ్ పొర కడుతుంది. ఉడికించిన గుడ్డు తిన్న చెంచా అంత త్వరగా నల్లబడేది అందుకే. రబ్బరు బ్యాండుతో కట్ట కట్టి దాచినా అంతే, విప్పి చూస్తే సరిగ్గా బ్యాండు ఉన్నచోట నల్ల గీత.
గోరువెచ్చటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. మొండిగా ఉంటేనే వెండి పాలిష్. పూజ సామాను తోమినట్టు పళ్లపొడితో రుద్దితే గీతలు పడతాయి. రుద్దేకొద్దీ నగిషీ కూడా అరుగుతుంది.

తళతళలాడుతోంది, కానీ నగిషీ కనిపించడం లేదు.
అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ల చిట్కా చేసి ఉంటారు. నేనూ చేశాను. అది నలుపును తిరిగి వెండిగా మారుస్తుంది, కాకపోతే గాడుల్లోని నలుపును కూడా మిగల్చదు. కింగ్స్ ప్యాటర్న్ అనే పాత ఇంగ్లిష్ డిజైన్‌లో పిడి చివర ఉండే ఆల్చిప్పనే చూడండి. దాని గాడుల్లో నలుపు నిలిచి ఉంటేనే మిట్టలు ఎత్తుగా కనిపిస్తాయి. నలుపంతా పోతే అచ్చు పోసిన ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది.
ముందు గోరుతో తడమండి. గాడులు తగిలితే టెన్షన్ వద్దు. రోజూ వాడుతూ పైపైన తుడవండి, లోపలి నలుపు మెల్లగా తిరిగొస్తుంది. గాడులే అరిగిపోతే మాత్రం చేయగలిగింది లేదు. మళ్లీ చెక్కిస్తే పాత సెట్టు విలువ పడిపోతుంది.

చాకు పిడి ఊగుతోంది.
పిడి బోలుగా ఉంటుంది, లోపల లక్కలాంటి రెసిన్. మరిగే నీళ్లలో, డిష్‌వాషర్‌లో అది కరిగి వదులవుతుంది. సూపర్‌గ్లూ పోయకండి. వెండి పనివాడు పాతది తీసి కొత్తది నింపుతాడు. ఇకపై చాకుల్ని నానబెట్టకండి.

చెంచా వీపు మీద పసుపు ఛాయ.
వెండి పూత లేచి అడుగు లోహం బయటపడింది, అంటే అది స్టెర్లింగ్ కాదు. ఇంగ్లండ్ సరుకైతే స్టెర్లింగ్‌కు గుర్తైన నడుస్తున్న సింహం ముద్ర ఉందో లేదో చూడండి. ఇ.పి.ఎన్.ఎస్. (నికెల్ మిశ్రమం మీద విద్యుత్తుతో వేసిన వెండి పూత) అని ఉంటే పూత సరుకే. మళ్లీ పూత వేయించవచ్చు.

పిడి మధ్యలో పలచగా, కొంచెం గుంటగా ఉంది.
పాత యజమాని పేరు పొడి అక్షరాలు గీకేసి ఉంటారు. అక్కడ నోటి ఆవిరి ఊదండి, ఒక్కోసారి అక్షరాల నీడ లేస్తుంది. దీనికి రిపేరు లేదు. కొనేముందే ఊది చూసి, బేరం ఆడండి.