పాత హాస్యనటుడికి సంస్మరణ సభ పెట్టాలంటే

రేలంగికో అల్లు రామలింగయ్యకో సభ పెట్టడం పెద్ద కష్టం కాదు. రేలంగి పేరెత్తితే తాడేపల్లిగూడెంలో కట్టించిన థియేటరు దగ్గర్నుంచి 1970లో వచ్చిన పద్మశ్రీ దాకా చెప్పేవాళ్లు దొరుకుతారు. కష్టమంతా రెండో వరస వాళ్లతోనే. పెళ్లిచూపుల్లో పురోహితుడు, జమీందారు గారి గుమాస్తా, హీరోయిన్ మేనమామ, కిళ్లీకొట్టు యజమాని. "అబ్బ, ఆయనేనండీ, ముక్కుతో మాట్లాడతాడు చూడండీ" అంటారు గానీ పేరు నోటికి రాదు. అలాంటి నటుడి జయంతి చేద్దామని పిల్లలో మనవలో అనుకున్నప్పుడు, లేకపోతే ఓ నలుగురు అభిమానులు పూనుకున్నప్పుడు మా మిత్రబృందానికి కబురొస్తుంది. మాది తెనాలి వైపు. వాళ్లందరిదీ నాటకాల పిచ్చి, నాది పాటల పుస్తకాల పిచ్చి. అడిగిన ప్రతివాళ్లకీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాసి పెడుతున్నాను.

నా పట్టుదల ఒక్కటే. సభలో పొగడ్త తక్కువ ఉండాలి, ఆయన ఎక్కువ ఉండాలి. "మహానటుడు, స్నేహశీలి, నిగర్వి" అన్న మూడు ముక్కలూ ఎవరికైనా అతుకుతాయి. మాట మొదలెట్టేముందు ఓసారి చంకలో గొడుగు సర్దుకోవడం మాత్రం ఆ నటుడిదే. ఆ గొడుగు కోసం వెతకాలి.

తేదీ దగ్గరే మొదటి పేచీ

అభిమానులు వర్ధంతిని ఇంగ్లీషు తేదీన చేస్తారు. ఇంట్లో వాళ్లు ఆబ్దికం తిథి ప్రకారం పెడతారు. రెండూ ఒకే రోజు పడ్డాయంటే, మీరు సభ ఏర్పాట్లలో ఉండగా పెద్దకొడుకు తర్పణాల దగ్గర కూర్చుని ఉంటాడు. అందుకే తేదీ ఖాయం చేసేముందు ఆ ఏడు తిథి ఎప్పుడొచ్చిందో ఇంట్లో అడగండి. నన్నడిగితే వర్ధంతి కంటే జయంతే మేలు. నవ్వించినవాడి సభకు జనం ఏడవడానికి సిద్ధమై రాకూడదు. పుట్టినరోజు నాడు ఏం చేయాలో రాజబాబు చేసి చూపించారు కూడా. ఏటా తన పుట్టినరోజున పాతతరం కళాకారుల్లో ఒకరిని పిలిచి సన్మానించేవారు.

రమణారెడ్డి 1921లో, అల్లు రామలింగయ్య 1922లో పుట్టారు. ఇద్దరిదీ అక్టోబరు 1వ తేదీయే. మీ నటుడి పుట్టినరోజు కూడా ఇంకో పెద్ద పేరుతో కలిసొస్తే మొహమాటం లేకుండా జంట సభ పెట్టేయండి. పెద్దాయన కోసం వచ్చిన జనం చిన్నాయన్ని కూడా చూసి వెళతారు.

జాబితా

అసలు పని ఇదే, సగం కాలం దీనికే పోతుంది. ఆయన ఏయే సినిమాల్లో ఉన్నాడో తేల్చాలి. ఇంట్లో వాళ్లు "మూడొందల పైచిలుకు" అంటారు. కూర్చుని రాయిస్తే నలభై దగ్గర ఆగిపోతుంది. తప్పేం లేదు, ఆయన ఇంట్లో లెక్క చెప్పి వెళ్లినవాడు కాదు.

టైటిల్స్‌తో మొదలుపెట్టండి. పాత సినిమాల్లో నటీనటుల పేర్లు ఒక్క కార్డు మీద పది పన్నెండు గుదిగుచ్చి వేసేవారు, ఫోన్లో చూస్తే అలుక్కుపోతాయి. టీవీకి తగిలించి, ఆ కార్డు దగ్గర ఆపి చదవండి. చిన్న వేషాలకు అసలు పేరే వేయని సినిమాలు బోలెడు. కాబట్టి పేరు లేదని సినిమా కొట్టేయకండి, పేరు ఉంది కదాని వేషం ఉందనీ అనుకోకండి. ఎడిటింగులో ఎగిరిపోయిన వేషాలూ ఉంటాయి.

పేర్లతో తంటా వేరే ఉంది. "అంజిగాడు" అని జనం పిలుచుకున్న బాలకృష్ణ గారి కోసం ఇంటర్నెట్‌లో వెతకండి, ఏం వస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఆయన వల్లూరి బాలకృష్ణ. 1951 నాటి పాతాళభైరవిలో వేసిన అంజి వేషమే ఆయనకు పేరైపోయింది. చలం వేరు, కె.వి. చలం వేరు. రాజబాబు అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. వీరభద్రరావుకూ వేలుకూ "సుత్తి" తగిలింది 1982లో నాలుగు స్తంభాలాట తర్వాతే, అంతకుముందు టైటిల్స్‌లో ఆ ముక్క కోసం చూస్తే దొరకదు. అందుకని మీ నటుడి పేరు ఎన్ని రకాలుగా పడిందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో, ఊరి పేరుతో, నాటకాల రోజుల్లో వచ్చిన బిరుదుతో. ఆ తర్వాతే వెతుకులాట.

ఇక నా ముచ్చట. పాటల పుస్తకాలు. సినిమాహాలు బయట అమ్మిన ఆ అరచేతి పుస్తకాల్లో పాటలతో పాటు సంక్షిప్త కథ, పాత్రధారుల పట్టిక ఉంటాయి. కథ సరిగ్గా మలుపు దగ్గరికి రాగానే "మిగతా భాగం వెండితెరపై చూడండి" అని ఆపేస్తారు. మనకు కావలసింది ఆ పక్క పేజీ. ఎడమవైపు పాత్ర, కుడివైపు నటుడు. టైటిల్స్‌లో ఉత్త పేరే ఉంటుంది, ఇక్కడ ఎవరు ఏ వేషమో తేలుతుంది. మీ దగ్గరున్న పుస్తకం మొదటి విడుదల నాటిదా, తర్వాత మళ్లీ ఆడినప్పుడు వేసిందా అని అనుమానం వస్తే వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో కొత్త నాణేలు రాకముందుదో, వచ్చిన కొత్తలోదో. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957 నుంచి 1964 మధ్యది, ఎందుకంటే 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి ఉత్త పైసలన్నారు. అట్ట చిరిగిపోయి సంవత్సరం కనపడని పుస్తకాన్ని కూడా ఇలా పట్టుకోవచ్చు. ఆ రెండక్షరాలు సాధారణంగా వెనక అట్ట మీద, ప్రెస్సు పేరుకు దగ్గర్లో ఉంటాయి. తుప్పుపట్టిన పిన్ను మరక వాటి మీద పడితే మాత్రం ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూడాల్సిందే.

పుస్తకాలు చేతిలో లేనివాళ్లు విజయచిత్ర, సితార, జ్యోతిచిత్ర పాత సంచికలు తిరగేయాలి. విజయచిత్రకు రావి కొండలరావు గారు చాలాకాలం పనిచేశారు. ఆయన కూడా ఇలాంటి వేషాలు వేసిన నటుడే, తోటివాళ్ల గురించి రాయడం తెలిసిన మనిషి. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. ఫొటోలు, పోస్టర్ల కోసమైతే పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి చూడండి.

ఇంటివాళ్లను అడగడం

"ఇంట్లో కూడా ఇలాగే నవ్వించేవారా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వాళ్లు జన్మలో వెయ్యిసార్లు విన్నారు, జవాబు కంఠతా వచ్చు. దానికి బదులు వస్తువుల గురించి అడగండి. మేకప్ పెట్టె ఎక్కడ పెట్టేవారు? కంపెనీ కారు ఎన్నింటికి వచ్చేది, హారన్ కొట్టేదా, డ్రైవరు పైకి వచ్చి పిలిచేవాడా? కాల్షీటు డైరీ ఉండేదా? మద్రాసులో ఇల్లు టి.నగర్‌లోనా, వడపళనిలోనా? వేషాలు లేని నెలల్లో పొద్దున్నే పానగల్ పార్కుకు వెళ్లేవారా? డబ్బులు చేతికి ఇచ్చేవారా, చెక్కు ఇచ్చేవారా, ఆ చెక్కు మారేదా? ఈ ఆఖరి ప్రశ్నకు ఇంటావిడ నవ్విందంటే ఇక మీరు అడగక్కర్లేదు, ఆవిడే చెబుతుంది.

ఇంకో ఉపాయం ఉంది. ఆయన సన్నివేశం ఒకటి టాబ్లెట్‌లో పెట్టి, ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఖాళీగా అడిగితే రానివి బొమ్మ కదిలితే వస్తాయి. "ఆ చొక్కా మాదే, మా తాతయ్యది" అన్న మాట నేను విన్నది అలాగే. అప్పట్లో సాంఘిక చిత్రాల్లో చిన్న వేషాలవాళ్లు సొంత బట్టలతోనే వచ్చేయడం మామూలు. ఆ ఒక్క మాటతో తెరమీద గుమాస్తా, ఇంట్లో తాతయ్య ఒకే చొక్కాలో నిలబడ్డారు.

రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపించండి, ఫోను వాళ్ల ఒళ్లో కాదు, బల్ల మీద గుడ్డ పరిచి పెట్టండి. పెద్దవాళ్లయితే పొద్దున పదింటికి వెళ్లండి. సాయంత్రానికి అలిసిపోతారు.

ఆల్బం ఫొటోలు ఊడబీకవద్దు. జిగురు పట్టుకున్నవి చిరుగుతాయి. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా, పేజీ పేజీనే తీయండి. విడిగా ఉన్నవైతే 600 డీపీఐలో స్కాన్ చేసి అదే రోజు ఇచ్చేయండి. వెనక పేర్లు రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిలే వాడాలి, బాల్‌పెన్ను గీత ముందువైపు తేలుతుంది.

ఒక విషయం ఖండితంగా చెబుతాను. అప్పులు, తాగుడు, చివరి రోజులు: వీటిని మీరుగా ఎత్తకండి. "దయనీయమైన చివరి రోజులు" అన్న శీర్షిక పెట్టి, ఏడుపు సంగీతం వేసి వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో సగం పుకారే. ఆ వీడియోలు ఆ ఇంటి పిల్లలు కూడా చూస్తారు. వాళ్లంతట వాళ్లు చెబితే వినండి, సభలో చెప్పవచ్చా అని విడిగా అడగండి, వద్దంటే అక్కడితో వదిలేయండి.

సభ

హాలు చిన్నదే తీసుకోండి. వందమంది పట్టే చోట ఎనభైమంది నవ్వితే హోరెత్తుతుంది. అదే ఎనభైమందిని పెద్ద ఆడిటోరియంలో కూర్చోబెడితే నవ్వడానికి మొహమాటపడతారు. హైదరాబాదులో అయితే త్యాగరాయ గానసభ లాంటివి ఇలాంటివాటికి అలవాటుపడ్డ చోట్లు. మెట్లెక్కలేని పాత కళాకారులు వస్తారు గనుక వేదిక ఎత్తు ముందే చూసుకోండి. మెట్లు ఎక్కువైతే వాళ్లను కింద ముందువరసలోనే కూర్చోబెట్టి మైకు వాళ్ల దగ్గరికి పంపండి.

ముఖ్య అతిథి కోసం ఆగవద్దు. ఆరింటికి అని వేస్తే ఆరింటికి మొదలుపెట్టండి, జ్యోతి ఆయన సహధర్మచారిణి చేతో, పెద్ద మనవరాలి చేతో వెలిగించండి. తర్వాత వెంటనే, ఉపన్యాసం ఏదీ లేకుండా, లైట్లు ఆపి గొంతు వినిపించండి. బొమ్మ వద్దు, ఒట్టి గొంతు. ఇరవై సెకన్లు చాలు. హాల్లో ఎవరో ఒకరు పేరు అరుస్తారు. అప్పుడు బొమ్మ వేయండి.

క్లిప్పులు కోసేటప్పుడు డైలాగు దగ్గర మొదలెట్టి డైలాగు దగ్గర ఆపకండి. హాస్యనటుడి పనంతా మాటకు ముందు, మాట తర్వాత ఉంటుంది. పది సెకన్లు ముందునుంచి తీసుకోండి, చివర నవ్వుకు చోటు వదలండి. పక్కవాడిని కోసేయకూడదు. మాయాబజార్‌లో శర్మ, శాస్త్రులుగా అల్లు రామలింగయ్య, వంగర వెంకటసుబ్బయ్య ఇద్దరినీ కలిపి చూస్తేనే ఎవరి గొప్ప ఏమిటో తెలుస్తుంది. ఒకరు బెట్టు చేస్తుంటే రెండోవారు వంత పాడే వరస అది, విడదీస్తే ఇద్దరూ పోతారు. పాత సినిమా బొమ్మ నాలుగుకు మూడు కొలత. ప్రొజెక్టరు దాన్ని వెడల్పుకు సాగదీస్తే బక్కపలచటి రమణారెడ్డి కూడా బొద్దుగా తయారవుతాడు. పక్కల నల్లపట్టీలు వచ్చినా ఫర్వాలేదు, సాగదీయకండి.

హక్కుల సంగతి. మన చట్టంలో సినిమాకు కాపీరైటు విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు. 1957 సినిమాకు 2017తో తీరిపోయింది. రంగులు వేసిన కొత్త ప్రతి సంగతి వేరు, ఆ లెక్క దానికి పెట్టకండి. అరవై ఏళ్లు దాటనివాటికి హక్కుదారులకు ముందే ఒక ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. సభ వీడియో ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఆ సైటులో కాపీరైటు తనిఖీ చేసే యంత్రం పాత సినిమా క్లిప్పును కూడా పట్టుకోవచ్చు కాబట్టి, ఉపన్యాసాలు ఒక ఫైలుగా, క్లిప్పులు వేరే ఫైలుగా ఉంచుకోండి.

వక్తలకు ఐదు నిమిషాలు, ఒక్కొక్కరు ఒక్క సంఘటన. పిలిచేటప్పుడే "మీరు ఫలానా షూటింగు సంగతి చెప్పాలి" అని పని అప్పజెప్పండి. లేకపోతే ప్రతి ఒక్కరూ "ఆయనతో నాకున్న అనుబంధం" అని మొదలెట్టి తమ గురించి చెప్పుకుని కూర్చుంటారు. మేకప్‌మన్‌నీ, సహాయ దర్శకుడినీ పిలవడం మరవకండి. హీరో కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. మిమిక్రీ పెడితే ఒక్కటే పెట్టండి, అదీ ఇంటివాళ్లు సరేనంటేనే. తండ్రి గొంతు హఠాత్తుగా పరాయి నోట్లోంచి వినపడితే తట్టుకోలేనివాళ్లు ఉంటారు.

శాలువాలు ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఆ డబ్బుతో ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం వేయించండి: సినిమాల జాబితా, వేషాల పేర్లు, ఇంటివాళ్లు చెప్పిన సంగతులు, ఫొటోలు. దీని వెనక స్వార్థం కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో ఆయన పేజీ రాయాలన్నా సరిచేయాలన్నా "వాళ్లబ్బాయి నాతో చెప్పాడు" అంటే ఒప్పుకోరు, అచ్చులో కనపడాలి. మీరే వేసుకున్న పుస్తకానికి అక్కడ అంత పరపతి ఉండదు గనుక, అందులో ముఖ్యమైన సంగతులతో ఒక వ్యాసం రాసి ఏదైనా పత్రిక ఆదివారం అనుబంధానికి కూడా పంపండి. ఫొటో విషయంలో, ఇంట్లో వాళ్లే తీసిన బొమ్మ అయితే తీసినవారి చేతనే స్వేచ్ఛా లైసెన్సుతో, అంటే ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతితో, ఎక్కించండి. స్టూడియో స్టిల్ అయితే ఆ హక్కు ఇంటివాళ్లది కాదు.

పుస్తకం ప్రతులు రెండు గ్రంథాలయాలకు పోస్టులో పంపండి. మిగిలినవి సభకు రాలేకపోయిన పాత కళాకారులకు. చిరునామాలు మేకప్‌మన్ దగ్గర ఉంటాయి.