మనమూ కంపైలర్ బాగుచేద్దాం – 4వ పాఠం: ‘గోదావరి’కి ఎన్ని అక్షరాలు?

పోయిన పాఠంలో రస్ట్ కంపైలర్ (రస్ట్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చే సాధనం) సోర్స్ కోడ్ దింపుకుని మన సిస్టమ్‌లోనే బిల్డ్ చేశాం. రాత్రి పెడితే తెల్లారేసరికి అయిందని రాజోలు నుంచి ఒకరు చెప్పారు. పాత ల్యాప్‌టాప్ అయితే అంతే, కంగారుపడకండి. ఏదైనా మార్చిన ప్రతిసారీ అంత బిల్డ్ అక్కర్లేదు. రాసింది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ‘ఎక్స్ చెక్’ (x check) అనే కమాండ్ చాలు.

ఈ వారం బగ్ పని. ముందు చిన్న లెక్క. ‘గోదావరి’లో ఎన్ని అక్షరాలు? గో, దా, వ, రి... నాలుగంటాం. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతి ఏడంటుంది. గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి దానికి వేటికవే. వాటిని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో కంప్యూటర్లో దాస్తే ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. రస్ట్‌లో ఆ మాటకి ‘లెన్’ (పొడవు) అడిగి చూడండి, 21 అనే చెబుతుంది.

కంపైలర్ మన ప్రోగ్రామ్‌లో ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని ‘స్పాన్’ అంటారు, అది బైట్లలో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే కాబట్టి, ‘ఒకటి కలిపితే తర్వాతి అక్షరం’ అని రాసేయడం చాలామందికి చేతి అలవాటు. తెలుగు దగ్గర ఆ ఒకటి కలిపితే అక్షరం మధ్యలో పడతాం. అక్కడ మాటని కోయమంటే రస్ట్ ఒప్పుకోదు, వెంటనే ప్యానిక్ అవుతుంది, అంటే ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. 2021 జూన్‌లో వచ్చిన రస్ట్ 1.53 వెర్షన్ నుంచి వేరియబుల్స్‌కి కూడా తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. అంటే ఇలాంటి బగ్‌లు ముందుగా కనబడేది మనలాంటి వాళ్లకే. వీటిని పట్టడం మన పనే అని నా గట్టి నమ్మకం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మీ తమ్ముడు ఎకరాల లెక్కకి 300 లైన్ల ప్రోగ్రామ్ రాశాడు. కంపైల్ చేస్తే ‘ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్’ వచ్చింది. అది ప్రోగ్రామ్‌లో తప్పుందన్న మాట కాదు. ప్రోగ్రామ్ తప్పైనా ఒప్పైనా కంపైలర్ అలా కూలిపోకూడదు, కాబట్టి తప్పు కంపైలర్‌దే.

మొదటి పని, ప్రోగ్రామ్‌ని చిన్నది చేయడం. సగం తీసేయండి. ఇంకా కూలుతోందా? మిగిలిన దాంట్లో మళ్లీ సగం తీసేయండి. కూలడం ఆగిందా? తీసింది వెనక్కి పెట్టి, రెండో సగం తీసి చూడండి. ఓపిగ్గా చేస్తే నాలుగైదు లైన్లు మిగులుతాయి. అప్పుడు వాటిలో ఉన్న తెలుగు పేరుని, ‘పంట’ అనుకోండి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చండి. క్రాష్ పోయిందంటే దొంగ దొరికినట్టే. ఈ పనికి గంట పట్టినా దండగ కాదు. బగ్ రిపోర్టులో ఆ నాలుగు లైన్లు పెడితే చదివేవాళ్లకి సగం శ్రమ తగ్గుతుంది.

రెండోది, ఎక్కడ తప్పిందో వెతకడం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, శివారు చేనుకి నీళ్లందకపోతే చేలో కూర్చుంటే లాభం లేదు. గట్టు పట్టుకుని పైకి నడుస్తాం. ఏ తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడిందో, ఎక్కడ గండి పడిందో అప్పుడే తెలుస్తుంది. కంపైలర్‌లోనూ ప్రోగ్రామ్ మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంది. మొదట మాటలుగా విడగొట్టడం, తర్వాత వాక్యనిర్మాణం, టైపుల తనిఖీ, చివర మెషీన్ కోడ్ తయారుచేసే ఎల్ఎల్‌వీఎమ్‌కి అప్పగించడం. కూలిన చోటు నుంచి పైకి నడవాలి. ‘రస్ట్ బ్యాక్‌ట్రేస్’ (RUST_BACKTRACE) అనే సెట్టింగ్‌ని 1కి పెట్టి మళ్లీ నడిపితే ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో వరస చూపిస్తుంది. పొడుగ్గా ఉందని భయం వద్దు. ప్యానిక్‌కి సంబంధించిన లైన్లు దాటేసి, కంపైలర్ సొంత ఫైళ్ల పేర్లు మొదలయ్యే చోట ఆగండి.

మన ఉదాహరణలో అది ‘ఇక్కడ ఇది చేర్చండి’ అని సలహా ఇచ్చే కోడ్ అనుకోండి. పేరు మొదలుకి ఒక బైటు కలిపి కోస్తోంది. దాన్ని మూడుకి మారిస్తే తెలుగుకి సరిపోతుంది కానీ ఇంగ్లీషుకి చెడుతుంది. బైట్ల లెక్క మనం చేతితో వేయకూడదు. అక్షరం హద్దు చూసుకుని స్పాన్‌ని జరిపే ఫంక్షన్లు కంపైలర్‌లోని ‘సోర్స్ మ్యాప్’ అనే భాగంలో ఉన్నాయి, వాటినే పిలవాలి. మార్పు ఒకటి రెండు లైన్లే అవుతుంది.

మూడోది టెస్ట్. ఆ నాలుగు లైన్ల ప్రోగ్రామ్‌ని కంపైలర్ సోర్స్ కోడ్‌లోని ‘టెస్ట్స్’ లోపలి ‘యూఐ’ ఫోల్డర్‌లో పెట్టి, ‘బ్లెస్’ ఆప్షన్‌తో టెస్ట్ నడపండి. కంపైలర్ ఇచ్చిన మెసేజ్‌ని పక్కనే ‘ఎస్‌టీడీ ఎర్ర్’ ఫైల్‌లో రాసి పెడుతుంది. ఆ ఫైల్‌ని తప్పక తెరిచి చదవండి. మెసేజ్ తప్పుగా ఉన్నా బ్లెస్ దాన్నే ఒప్పుగా రాసేస్తుంది. తొందరలో చదవకుండా పంపి, రివ్యూలో మాట పడ్డ రోజు నాకుంది.

వచ్చే పాఠంలో కొత్త ఫీచర్ జోలికి వెళదాం, ఒక చిన్న హెచ్చరికని చేర్చుతూ. ఈలోపు హోంవర్క్: తెలుగు పేర్లతో పది లైన్లు రాసి, కావాలనే ఒకచోట సెమికోలన్ తీసేయండి, ఇంకోచోట టైపు తప్పు పెట్టండి. ఎర్రర్ కింద గీత సరైన మాట కిందే పడుతోందా చూడండి. పక్కకి జరిగితే వెంటనే బగ్ అనుకోవద్దు. టెర్మినల్ ఫాంట్ వల్ల కూడా జరగొచ్చు. మెసేజ్‌లో ఉన్న కాలమ్ నంబర్‌ని చేతితో లెక్కపెట్టండి, గోదావరికి ఏడు చొప్పున.