అవనీంద్రనాథ్ ‘భారతమాత’ చూసి నీటిరంగుల్లో మనిషి బొమ్మ వేయడం ఎలా?

నీటిరంగుల్లో మనిషి బొమ్మ నేర్చుకోవడానికి ఫోన్లో తీసిన ఫొటో ముందు పెట్టుకోకండి. బెంగాల్ చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో వేసిన ‘భారతమాత’ ప్రింటు పెట్టుకోండి. నిలబడి ఉన్న ఒక్క మనిషి, వెనక హడావుడి లేదు. ఏ వివరం ఉంచాలో, ఏది వదిలేయాలో ఆయనే తేల్చేశారు. ఫొటోలో ఆ పని కొత్తవాళ్ల నెత్తిన పడుతుంది.

300 జీఎస్‌ఎం (అంటే బాగా మందంగా ఉండే) కాటన్ పేపరు, ఒక గుండ్రటి బ్రష్షు, ఒక వెడల్పాటి మెత్తటి బ్రష్షు, పేపరు మునిగేంత ట్రే చాలు. రంగులు ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, అల్ట్రామెరీన్. నల్లరంగు వద్దు.

తల ఎత్తును కొలతగా పెట్టుకుని పెన్సిలుతో పలచగా గీయండి. భారతమాత నాలుగు చేతులూ భుజాల దగ్గర కుదిరాకే వాటిలోని పుస్తకం, వరికంకులు, తెల్లబట్ట, జపమాల. తర్వాత కాషాయ వస్త్రానికి, ముఖానికి లేత రంగు.

ఇక అందరూ పాడుచేసేది వాష్ దగ్గరే, అంటే తడి కాగితం మీద పలచని రంగు పూసే దగ్గరే. జపాన్ చిత్రకారుడు యొకొయామా తైకాన్ తడి బ్రష్షుతో కాగితం తడపడం చూసి, అవనీంద్రనాథ్ ఏకంగా కాగితాన్నే నీళ్లలో ముంచడం మొదలుపెట్టారు. మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర మన అడివి బాపిరాజు నేర్చుకున్నదీ ఈ బెంగాల్ సంప్రదాయమే.

ముంచేముందు కాగితం పూర్తిగా ఆరాలి. అరచేతి వెనక భాగం ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. హెయిర్ డ్రయ్యర్ వాడనే వాడొద్దు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉంటుంది, ముంచగానే ముఖం కొట్టుకుపోతుంది. నేను రాత్రంతా వదిలేస్తాను.

కాగితాన్ని ఏటవాలుగా నీళ్లలోకి జార్చి రెండు నిమిషాలు ఉంచండి. కొంత రంగు తేలిపోతుంది, టెన్షన్ పడకండి. పోవాల్సిందే పోతోంది, కాగితంలో ఇంకింది నిలుస్తుంది. రెండు మూలలు పట్టుకుని తీసి, నీరు కారనిచ్చి, అట్టమీద పరవండి. గుడ్డతో అంచులే అద్దండి, బొమ్మను ముట్టుకోవద్దు.

నీటి మెరుపు తగ్గుతుండగా, బాగా పలచని ఓకర్‌ను వెడల్పాటి బ్రష్షుతో ఒకే దిక్కుగా, ఒక్కసారే లాగండి. గీత నచ్చలేదని మళ్లీ రుద్దితే కింద మెత్తబడిన రంగు లేచి ముఖం బురదవుతుంది. దాన్ని బాగుచేసే దారి లేదు. మచ్చ పడితే పడనివ్వండి, తర్వాతి వాష్‌లో కలిసిపోతుంది.

ఆరాక మడతల నీడలు వేసి మళ్లీ ముంచండి. ఇలా కనీసం మూడుసార్లు. కళ్లు, పెదవులు, వేళ్ల గీతలు మాత్రం చివరి ముంపు పూర్తిగా ఆరాకే వేయండి.